వేడి ఎక్కడికి పోతుంది? – ట్రాన్స్‌ఫార్మరు చల్లదనపు చరిత్ర

సబ్‌స్టేషను కంచె పక్కగా వెళ్ళేవారు ట్రాన్స్‌ఫార్మరు చేసే రొదను పట్టించుకుంటారు గాని దాని ఆకారాన్ని అంతగా పట్టించుకోరు. నలుపలకల ఇనుప పెట్టె, దాని పక్కలకు పుస్తకంలో పుటల్లా వరసగా నిలబెట్టిన రేకు డొల్లలు, నెత్తిన అడ్డంగా పడుకోబెట్టిన ఒక చిన్న పీపా. విద్యుత్తుకు సంబంధించిన పని అంతా పెట్టె లోపలే జరిగిపోతుంది. బయటకు కనబడే ఈ హంగులలో చాలా భాగం వేడి కోసం పుట్టినవి.

పాఠ్యపుస్తకాలు దీనిని పరివర్తకం అన్నాయి. పల్లెల్లో ట్రాన్స్‌ఫారం అంటారు. నేను వాడుక మాటనే ఉంచుతున్నాను. దీని సిద్ధాంతం మనలో చాలామందికి ఇంటర్మీడియట్ నాటికే పరిచయం. దీని వేడి సంగతి మాత్రం ఏ పాఠంలోనైనా ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోతుంది. ఆ ఒకటి రెండు వాక్యాల వెనుక నూట ముప్పయ్యేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అందులో ఇంజనీర్ల సాహసం ఉంది, కంపెనీల లాభం ఉంది, చివరకు చేపల కొవ్వులోనూ తల్లిపాలలోనూ తేలిన ఒక విషం ఉంది. వేడిని ఎవ్వరూ మాయం చేయలేరు. మరొకరికి అప్పగించగలరు, అంతే. ఎవరికి అప్పగించారు, దేని వీపు మీద ఎక్కించి పంపారు అన్నదే ఈ కథ.

అరపాలు వేడి

ట్రాన్స్‌ఫార్మరు అసలు పనిలో తిరిగే చక్రాలు గాని, ఒరుసుకునే భాగాలు గాని లేవు. అందుకే మనిషి చేసిన యంత్రాలలో ఇంత పొదుపరి మరొకటి దొరకడం కష్టం. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు తమలోకి వచ్చిన శక్తిలో నూటికి తొంభై తొమ్మిదిన్నర పాళ్ళు, అంతకు మించి కూడా, అవతలికి అందిస్తాయి. చిక్కంతా ఆ మిగిలిన అరపాలుతోనే. నూరు మెగావాట్లు మోసే ట్రాన్స్‌ఫార్మరులో అరపాలు అంటే 500 కిలోవాట్లు. కిలోవాటు ఇస్త్రీపెట్టెలు అయిదు వందలు తెచ్చి, ఒక ఇనుప గదిలో పేర్చి, రాత్రింబవళ్ళు వెలిగించి ఉంచితే ఎంత వేడి పుడుతుందో అంత.

ఈ వేడి రెండు చోట్ల పుడుతుంది. రాగి తీగచుట్టలలో ప్రవాహానికి నిరోధం వల్ల పుట్టేది ఒకటి; ఇది లోడు పెరిగిన కొద్దీ, దాని వర్గం లెక్కన పెరుగుతుంది. రెండవది చుట్టల నడుమ ఉన్న ఇనుప దిండులో. అయస్కాంతత్వం సెకనుకు వంద సార్లు దిశ మార్చుకోవడం వల్ల ఇనుము వేడెక్కుతుంది. ఆ ఇనుములోనే సుడులు తిరిగే ప్రవాహాలు ఇంకొంత వేడెక్కిస్తాయి. ఈ సుడులను విడగొట్టడానికే దిండును ఏకముక్కగా పోత పోయక పలుచని రేకులుగా పేరుస్తారు. ఊరంతా నిద్రపోయినా, లోడు సున్నా అయినా, కరెంటు ఉన్నంతసేపూ ఈ ఇనుప వేడి ఆగదు.

చిన్న ట్రాన్స్‌ఫార్మరుకు ఇదంతా లెక్కలోది కాదు. రేడియోలో ఉండేది గాలికే చల్లబడుతుంది. పరిమాణం పెరిగినప్పుడే జ్యామితి పగబడుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మరు పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటినీ రెట్టింపు చేశామనుకోండి. అది మోయగల శక్తి 16 రెట్లవుతుంది. బరువూ, లోపల పుట్టే వేడీ 8 రెట్లవుతాయి. ఆ వేడి బయటకు పోవలసిన ఒంటి వైశాల్యం మాత్రం 4 రెట్లే. అంటే ప్రతి చదరపు అడుగూ మునుపటికంటే రెండింతల వేడిని బయటకు నెట్టాలి. పెద్దది కట్టడం లాభసాటి. కాని పెద్దదానికి ఉక్క ఎక్కువ. ఏనుగు చెవులు అంత పెద్దవి ఎందుకయ్యాయో, ట్రాన్స్‌ఫార్మరుకు ఆ రేకు రెక్కలు అందుకే వచ్చాయి.

గాలి నుంచి నూనెకు

1831లో మైకేల్ ఫారడే ఇనుప కడియానికి రెండు వైపులా తీగ చుట్టి ప్రేరణను కనిపెట్టాడు. అది ప్రయోగశాలలో వస్తువు. 1885లో బుడాపెస్టులోని గాంజ్ కంపెనీ ఇంజనీర్లు జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ వాడుకకు పనికివచ్చే ట్రాన్స్‌ఫార్మరును చేశారు. మరుసటి ఏడు అమెరికాలో విలియం స్టాన్లీ గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న ఊరి అంగళ్ళకు తన ట్రాన్స్‌ఫార్మర్లతో దీపాలు పెట్టాడు. ఇవన్నీ గాలిలో ఉండే పొడి ట్రాన్స్‌ఫార్మర్లు. తీగకు చుట్టిన నూలు, వార్నిషు, కాగితం, ఇవే విద్యుద్బంధకాలు. ఆ వోల్టేజీలకు అవి చాలేవి.

చాలని రోజు 1891లో వచ్చింది. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శన జరిగింది. అక్కడికి 175 కిలోమీటర్ల దూరాన, నెకార్ నది ఒడ్డున లౌఫెన్ అనే ఊళ్ళో ఒక సిమెంటు కర్మాగారం దగ్గర నీటితో విద్యుత్తు పుట్టించి, తీగల మీద ప్రదర్శనకు పంపాలని తలపెట్టారు. అంత దూరం పోవాలంటే వోల్టేజీ 15,000 కావాలి. అప్పటికి అది దుస్సాహసం. చుట్టల నడుమ గాలి ఆ ఒత్తిడికి నిప్పురవ్వలై తెగిపోయే ప్రమాదం ఉంది. స్విట్జర్లాండులో ఓర్లికాన్ కంపెనీలో పనిచేస్తున్న యువ ఇంజనీరు చార్లెస్ బ్రౌన్ తన ట్రాన్స్‌ఫార్మర్లను నూనె నింపిన తొట్టెలలో ముంచాడు. ఆగస్టు చివరి వారంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వెయ్యి దీపాలు వెలిగాయి. ఒక పంపు కృత్రిమ జలపాతాన్ని దూకించింది. లౌఫెన్‌లో పుట్టిన శక్తిలో నూటికి 75 పాళ్ళు గమ్యం చేరిందని కొలిచారు. ఆ ఏడే బ్రౌన్, వాల్టర్ బొవేరీతో కలిసి బ్రౌన్ బొవేరీ కంపెనీ పెట్టాడు.

ఇక్కడ గమనించవలసిన మాట ఒకటి ఉంది. బ్రౌన్‌కు నూనె ముందుగా కావలసి వచ్చింది వోల్టేజీని ఆపడానికి. వేడిని మోసుకుపోవడం దాని రెండో గుణం. కాని పరిమాణం పెరిగిన కొద్దీ ఆ రెండో గుణమే మొదటిదానితో సమానమైంది. ఒకే ద్రవం ఇంటికి కాపలాదారూ, నీళ్ళు మోసే మనిషీ అయి కూర్చుంది. తరువాతి చిక్కులన్నీ ఈ రెండు కొలువులూ ఒక్కరికే ఇవ్వడం వల్ల వచ్చినవే.

నూనె అందరికీ వెంటనే నచ్చలేదు. అది మండుతుంది. అందుకని అమెరికాలో 1890లలో ఫాన్లతో గాలిని చుట్టల మధ్యకు ఊదే ట్రాన్స్‌ఫార్మర్లను కూడా విరివిగా కట్టారు. నిప్పు భయం తక్కువ. కాని ఆ గాలి దుమ్మును, తేమను కూడా వెంట తెచ్చేది. ఫాను ఆగితే ట్రాన్స్‌ఫార్మరూ ఆగాలి. అన్నిటికీ మించి ముప్పయి వేల వోల్టుల దగ్గరికి వచ్చేసరికి గాలి చేతులెత్తేసింది. వోల్టేజీ పందెంలో నూనె గెలిచింది.

పంపు లేని ప్రవాహం

నూనె చేసే పనిలో ఒక అందం ఉంది. చుట్టల దగ్గర వేడెక్కిన నూనె తేలికపడి పైకి లేస్తుంది. పెట్టె పైభాగం నుంచి పక్క రెక్కలలోకి దిగుతుంది. బయటి గాలికి చల్లబడి, బరువెక్కి, అడుగుకు జారి, మళ్ళీ చుట్టల కిందికి చేరుతుంది. పంపు లేదు, మోటారు లేదు, తోసే చెయ్యి లేదు. పొయ్యి మీది ఎసరు తనంత తాను తిరిగినట్టే ఇదీ తిరుగుతుంది. ఎంత వేడి పుడితే అంత వేగంగా తిరుగుతుంది. నియంత్రించేవాడు లేకుండానే అవసరానికి తగినట్టు నడుచుకునే ఇటువంటి ఏర్పాట్లు యంత్రశాస్త్రంలో తక్కువ.

మొదట్లో తొట్టెల గోడలు నున్నగా ఉండేవి. వైశాల్యం చాలక గోడలను చీర కుచ్చిళ్ళలా మడతలు పెట్టారు. తరువాత పక్కలకు గొట్టాలు అతికారు. ఆ తరువాత విడదీసి రైలుపై పంపగల రేకు రేడియేటర్లు వచ్చాయి. వాటి ముందు ఫాన్లు పెట్టారు. అదీ చాలకపోతే నూనెను పంపుతో తిప్పారు. జలవిద్యుత్ కేంద్రాలలో నది పక్కనే ఉంటుంది గనుక నీటి గొట్టాలతో నూనెను చల్లార్చారు. కాని గొట్టం చిల్లుపడి నీటి చుక్క నూనెలో కలిసిందా, కాపలాదారు కాస్తా దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే. అందుకే అటువంటి చోట నూనె ఒత్తిడిని నీటి ఒత్తిడికంటే ఎక్కువగా ఉంచుతారు. చిల్లు పడినా నూనె బయటకు పోవాలి గాని నీరు లోపలికి రాకూడదు.

ట్రాన్స్‌ఫార్మరు పేరు పలక మీద కనబడే ఓఎన్ఏఎన్, ఓఎన్ఏఎఫ్, ఓఎఫ్ఏఎఫ్ అనే అక్షరాలు ఈ పరిణామానికి సంక్షిప్త రూపం. లోపలి ద్రవం ఏది, అది తనంత తాను తిరుగుతుందా లేక పంపు తిప్పుతుందా, బయట చల్లార్చేది ఏది, అది సహజంగా వీస్తుందా లేక ఫాను వీస్తుందా అన్న నాలుగు ప్రశ్నలకు నాలుగు అక్షరాలు. ఒకే ట్రాన్స్‌ఫార్మరుకు రెండు మూడు సామర్థ్యాలు రాసి ఉండటానికి కారణం కూడా ఇదే. ఫాన్లు ఆగి ఉంటే ఒక బరువు, తిరుగుతుంటే మరొక బరువు మోయగలదు.

నెత్తిమీది పీపా సంగతి కూడా చెప్పాలి. వేడికి నూనె ఉబ్బుతుంది, చల్లబడితే కుంచించుకుపోతుంది. అంటే ట్రాన్స్‌ఫార్మరు రోజూ ఊపిరి తీస్తుంది. తీసే గాలిలో తేమ ఉంటే నూనె చెడుతుంది. అందుకే ఊపిరి దారిలో సిలికా జెల్ గింజల సీసా ఒకటి వేలాడదీశారు. ఎన్నో చోట్ల వాడిన నీలి గింజలు తేమ పీల్చి గులాబీ రంగుకు తిరిగాయంటే మార్చవలసిన వేళ అయిందన్నమాట. పీపాకూ పెట్టెకూ నడుమ గొట్టంలో, లోపల ఎక్కడైనా కాలి పుట్టిన వాయువును పసిగట్టే రిలే ఉంటుంది. దానిని 1921లో జర్మనీలో మాక్స్ బుక్‌హోల్జ్ పేటెంటు చేశాడు. వందేళ్ళు దాటినా అది ఆయన పేరుతోనే కొలువులో ఉంది.

కాగితపు ఆయుష్షు

ఇంతకూ వేడెక్కితే ఏమవుతుంది? రాగి వంద డిగ్రీలకు కరగదు, ఇనుము అంతకన్నా కరగదు. నశించేది రాగికి చుట్టిన కాగితం. వేడికి దాని పోగుల గొలుసులు మెల్లగా తెగుతాయి. చివరికి అది పాత తాళపత్రంలా పెళుసెక్కి, ఎక్కడో లైను మీద షార్టు సర్క్యూటైనప్పుడు వచ్చే కుదుపుకు రాలిపోతుంది. నూనెను వడకట్టవచ్చు, మార్చవచ్చు. చుట్టల లోపలి కాగితాన్ని మార్చాలంటే ట్రాన్స్‌ఫార్మరును మళ్ళీ కట్టడమే.

1930లో అమెరికన్ ఇంజనీరు మాంట్‌సింగర్ దీనికొక లెక్క చెప్పాడు. ఉష్ణోగ్రత 8 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ విద్యుద్బంధకం ఆయుష్షు సగమవుతుంది. ఆ అంకె ఆరా, ఎనిమిదా, పదా అన్నది తరువాత ఎంతో చర్చకు వచ్చింది గాని, సగమవుతుందన్న స్వభావం నిలిచింది. ఈ లెక్క తెలిస్తే మన పల్లె ట్రాన్స్‌ఫార్మర్లు వేసవిలో ఎందుకు కాలిపోతాయో వేరే చెప్పనక్కరలేదు. బయటి గాలే నలభై అయిదు డిగ్రీలు. మోయవలసినదానికి మించి మోటార్లు. నూనె దొంగలు ఎత్తుకుపోగా అడుగంటిన తొట్టె. రాగి కోసం వచ్చిన దొంగ నూనెను నేలపాలు చేసిపోవడం మన జిల్లాల్లో పాత వార్తే. చల్లార్చే ద్రవం పోయాక మిగిలేది ఇనుప పెట్టెలో కాగితం, దాని చుట్టూ నిప్పు. కాలిన ట్రాన్స్‌ఫారాన్ని ట్రాక్టరుకెత్తి మరమ్మతు షెడ్డుకు తోలుకుపోయే రైతుకు మాంట్‌సింగర్ పేరు తెలియకపోవచ్చు. ఆయన సూత్రానికి మూల్యం చెల్లించేది మాత్రం అతడే, ఎండిన పైరుతో.

మండని ద్రవం

నూనెకు ఉన్న ఒక్క పెద్ద దోషం నిప్పు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నగరాలు పైకి పెరిగాయి. ఆస్పత్రుల కింద, ఆఫీసుల నేలమాళిగల్లో, భూగర్భ రైలు మార్గాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టవలసి వచ్చింది. వేల లీటర్ల మండే నూనెను జనం కాళ్ళ కింద ఉంచడం ఎలా?

జవాబు రసాయన పరిశ్రమ నుంచి వచ్చింది. 1929లో అమెరికాలో అలబామా రాష్ట్రంలోని ఆనిస్టన్‌లో స్వాన్ కంపెనీ పాలీక్లోరినేటెడ్ బైఫినైళ్ళను, అంటే పీసీబీలను, వాణిజ్య స్థాయిలో తయారుచేయడం మొదలుపెట్టింది. 1935లో ఆ కంపెనీని మొన్సాంటో కొన్నది. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఫ్రాంక్ క్లార్క్ 1930ల తొలినాళ్ళలో వీటితో ట్రాన్స్‌ఫార్మరు ద్రవాన్ని రూపొందించాడు. ఈ జాతి ద్రవాలన్నిటికీ ఆస్కరెల్ అని పేరు. జనరల్ ఎలక్ట్రిక్ దానిని పైరనాల్ అని, వెస్టింగ్‌హౌస్ ఇనర్టీన్ అని అమ్మాయి.

ఇంజనీరు కోరుకోగల గుణాలన్నీ దానిలో ఉన్నాయి. మండదు. ఆమ్లాలకు చెడదు. ఏళ్ళు గడిచినా మడ్డి కట్టదు. వోల్టేజీని ఆపుతుంది. అగ్నిభద్రతా నియమాలు దానిని భవనాల లోపల సంతోషంగా అనుమతించాయి. చెడిపోని గుణమే తరువాత శాపమవుతుందని అప్పుడు తోచలేదు. తోచే అవకాశం లేకపోలేదు కూడా. 1930లలోనే కార్మికుల ముఖాల మీద మానని కురుపులు లేచాయి. 1937లో హార్వర్డ్ ఆచార్యుడు సెసిల్ డ్రింకర్ ఈ జాతి క్లోరిన్ రసాయనాలు కాలేయాన్ని దెబ్బతీస్తాయని ప్రకటించాడు. ఆ తరువాత కూడా నలభై ఏళ్ళపాటు అమ్మకం సాగింది.

1966లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త సోరెన్ యెన్సెన్ ప్రకృతిలో డీడీటీ జాడలు వెతుకుతుండగా పరికరంలో గుర్తు తెలియని శిఖరాలు కనబడుతూ వచ్చాయి. చేపల్లో ఉన్నాయి, గద్దల్లో ఉన్నాయి, చివరకు తన ఇంటివారి తలవెంట్రుకల్లోనూ ఉన్నాయి. అవి పీసీబీలు. పెట్టెలలో బంధించి ఉండవలసిన ద్రవం బాల్టిక్ సముద్రపు గద్ద ఒంట్లోకి చేరింది.

1968లో పశ్చిమ జపాన్‌లో ముందు లక్షల కోళ్ళు చచ్చాయి, తరువాత మనుషుల ఒళ్ళంతా కురుపులు లేచాయి. తవుడు నూనె తయారుచేసే కర్మాగారంలో నూనెను వేడిచేయడానికి గొట్టాలలో పీసీబీ ద్రవాన్ని తిప్పేవారు. అది కారి వంటనూనెలో కలిసింది. ట్రాన్స్‌ఫార్మరులో వేడిని బయటకు మోసిన జాతి ద్రవమే అక్కడ వేడిని లోపలికి మోసింది. పద్నాలుగు వేల మంది తమకు జబ్బు చేసిందని చెప్పుకున్నారు. ప్రభుత్వం బాధితులుగా గుర్తించింది అందులో కొంతమందినే. ఆ తల్లులకు కొందరికి నల్లబడిన చర్మంతో బిడ్డలు పుట్టారు. 1979లో తైవాన్‌లో అదే ప్రమాదం, అదే తవుడు నూనెతో, మళ్ళీ జరిగింది.

అమెరికాలో హడ్సన్ నది ఒడ్డున జనరల్ ఎలక్ట్రిక్ కెపాసిటర్ల కర్మాగారాలు 1947 నుంచి 1977 వరకు పీసీబీలను నదిలోకి వదిలాయి. దాదాపు 320 కిలోమీటర్ల నది కాలుష్య స్థలంగా నమోదైంది. నది అడుగు మట్టిని తవ్వి తీసే పని 2009 నుంచి 2015 దాకా సాగింది. ఆనిస్టన్‌లో కర్మాగారం పక్కన బతికినవారు ఎక్కువమంది పేద నల్లజాతి కుటుంబాలు. ఇరవై వేల మందికి పైగా వేసిన దావాలు 2003లో 70 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిశాయి.

ఇక నిప్పును ఆపడానికే పుట్టిన ద్రవం నిప్పు దగ్గర ఏం చేసిందో చూడండి. 1981 ఫిబ్రవరి 5 తెల్లవారుజామున న్యూయార్క్ రాష్ట్రం బింగమ్‌టన్‌లో 18 అంతస్తుల ప్రభుత్వ భవనం నేలమాళిగలో విద్యుత్ మంట లేచింది. పక్కనున్న ట్రాన్స్‌ఫార్మరు పగిలి ఆస్కరెల్ కారింది. అది మండలేదు, ఆవిరైంది. ఆ వేడికి విడిపోయి డయాక్సిన్లు, ఫ్యురాన్లు అనే మరింత ఘోరమైన విషాలుగా మారింది. ఆ మసి గాలి గొట్టాల వెంట అంతస్తు అంతస్తుకూ పాకింది. మంట త్వరలోనే ఆరింది. భవనాన్ని కడిగి మళ్ళీ తెరవడానికి మాత్రం 1994 దాకా పట్టింది. భవనం కట్టడానికి అయిన ఖర్చుకంటే కడగడానికి అయిన ఖర్చే ఎక్కువ.

జపాన్ 1972లో తయారీ ఆపింది. మొన్సాంటో 1977లో ఆపింది. అమెరికా నిషేధ నియమాలు 1979లో వచ్చాయి. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం పరికరాలలో పీసీబీల వాడకానికి 2025ను, మిగిలిన నిల్వలను నాశనం చేయడానికి 2028ని గడువుగా పెట్టింది. మన దేశం పీసీబీలను ఎన్నడూ తయారుచేయలేదు; దిగుమతి చేసిన పరికరాలతో వచ్చాయి. 2016లో కేంద్ర ప్రభుత్వం వాటి తయారీని, దిగుమతిని నిషేధించి, ఉన్న పరికరాల వాడకానికి 2025 డిసెంబరు 31ని ఆఖరు రోజుగా నిర్ణయించింది.

తీర్పు చెప్పినంత మాత్రాన విషం పోదు. ఇక్కడ మరొక మెలిక ఉంది. నూనెను వడకట్టే యంత్రం ఒకటే ఉంటుంది. ఈరోజు పీసీబీ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర, రేపు మామూలు నూనె ట్రాన్స్‌ఫార్మరు దగ్గర. దాని గొట్టాలలో మిగిలిన కాసింత ద్రవం రెండోదానిలో కలుస్తుంది. ఇలా పుట్టుకతో నిర్దోషి అయిన ట్రాన్స్‌ఫార్మర్లు కూడా అంటు తగిలించుకున్నాయి. పది లక్షల పాళ్ళలో 50 పాళ్ళు దాటితే ఆ నూనెను పీసీబీ కలిసినదిగా లెక్కగట్టాలి. కంటికి గాని ముక్కుకు గాని తేడా తెలియదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

మళ్ళీ గానుగ వైపు

పీసీబీలు పోయాక ఆ ఖాళీని పలు దారులలో పూరించారు. 1970లలో సిలికోన్ ద్రవాలు, కృత్రిమ ఎస్టర్లు వచ్చాయి. చుట్టలను ఎపాక్సీ రెసిన్‌లో పోతపోసి నూనె లేకుండానే గాలితో చల్లార్చే పొడి ట్రాన్స్‌ఫార్మర్లు భవనాలలోకి వచ్చాయి. ఎంతో దూరం తిరిగి కథ మొదటి చోటికే, గాలికే చేరింది. జపాన్ నగరాల భూగర్భ సబ్‌స్టేషన్లలో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువును నింపారు. అది మండదు, మనిషికి విషం కాదు. కాని భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు దాదాపు 23,500 రెట్లు. ట్రాన్స్‌ఫార్మరును చల్లార్చి భూగోళాన్ని వేడిచేసే బేరం అది.

1990లలో ఇంజనీర్లు సోయా, పొద్దుతిరుగుడు, ఆవజాతి గింజల నూనెల వైపు చూశారు. ఖనిజ నూనె 170 డిగ్రీల దరిదాపుల్లో మంట పట్టుకుంటే, వీటికి 350 దాటాలి. నేలమీద ఒలికితే సూక్ష్మజీవులు తినేస్తాయి. కాగితంలోని తేమను తాము పీల్చుకుని దాని ఆయుష్షు పెంచుతాయి. లోపాలూ ఉన్నాయి. చిక్కన ఎక్కువ గనుక మెల్లగా తిరుగుతాయి, గాలి తగిలితే మన వంటింటి నూనెలాగే జిడ్డు కడతాయి, అందుకని గాలి చొరకుండా మూసి ఉంచాలి, ఖరీదూ ఎక్కువే. మన దేశంలో కానుగ నూనె మీద కూడా ప్రయోగాలు జరిగాయి. వేపతో పాటు ప్రతి ఊరి చెరువుగట్టు మీదా కనబడే ఆ చెట్టు గింజలో సబ్‌స్టేషనుకు పనికివచ్చేది ఉండవచ్చునని వినడం బాగుంది. అయితే వంటకు నూనె చాలని దేశంలో పొలాన్ని ట్రాన్స్‌ఫార్మరుకు అప్పగించడం కూడా బేరమేనని మరువరాదు. కానుగ తినే నూనె కాకపోవడం ఇక్కడ కలిసివచ్చే సంగతి.

ఈ చరిత్ర అంతా చూస్తే ప్రతి తరమూ తన కళ్ళెదుటి భయానికి మందు వెతికింది. బ్రౌన్‌కు నిప్పురవ్వ భయం, నూనె పోశాడు. క్లార్క్‌కు మంట భయం, మండనిది పోశాడు. ద్రవం పెట్టెలో ఉన్నంతకాలం వారి లెక్కలలో తప్పు లేదు. కాని ప్రతి పెట్టె ఎప్పుడో ఒకనాడు కారుతుంది, పగులుతుంది, పాతబడి తుక్కు కొట్టుకు చేరుతుంది. అక్కడ దానిని సుత్తితో విప్పేది ఇంజనీరు కాదు. చేతికి తొడుగు కూడా లేని కూలీ. కొత్త ద్రవాన్ని ఎంచేవారు అది ఎంత వేడి మోస్తుంది, ఎన్ని వోల్టులు ఆపుతుంది అని కొలవడంతో పాటు, ఆ కూలీ చేతి మీద పడితే, పక్క కాలువలో కలిస్తే ఏమవుతుందో కూడా కొలవాలి. సబ్‌స్టేషన్లలో నూనె తట్టుకునే శక్తిని చూడటానికి రెండున్నర మిల్లీమీటర్ల సందులో వోల్టేజీ పెంచుతూ పోయే పరీక్ష ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది. పాత ట్రాన్స్‌ఫార్మరును తుక్కుకు అమ్మేముందు పీసీబీ పరీక్ష కూడా అంతే మామూలు పని కావాలి.